ఆయిల్ తెల్లబడిందా? హెడ్ విప్పించేముందు కవర్ మీద మూతలు చూడండి

బైకు ఆయిల్ మూత తీయగానే అడుగున పాలకాఫీ రంగు నురగ కనబడితే విజయవాడ ఆటోనగర్‌లో మీకు వినబడే మొదటి మాట ఒకటే: "హెడ్ గ్యాస్కెట్ పోయింది, విప్పాల్సిందే." సిలిండర్ పైన కూర్చునే భాగం హెడ్, వాటి మధ్య లీకు ఆపే పొర గ్యాస్కెట్. ఒక్కోసారి ఆ మాట నిజమే కావచ్చు. కానీ ఇంజిన్ ఆయిల్‌లోకి నీళ్ళు దిగే దారులు చాలా ఉన్నాయి. వాటిలో అన్నిటికంటే ఖర్చుతో కూడినది హెడ్ పని, అన్నిటికంటే చవకైనది మూత కింద ఉండే రబ్బరు రింగు. చవకైన దారి నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ వెళ్తే మేస్త్రీ దగ్గరికి వెళ్ళేసరికి ఏం అడగాలో మీకే తెలుస్తుంది.

ఇక్కడ చెప్పేది ముఖ్యంగా రేడియేటర్ ఉండి, కూలెంట్ అనే ద్రవంతో ఇంజిన్ చల్లబడే బళ్ళ గురించి. ఆర్15, ఎన్ఎస్200, డ్యూక్, డామినార్, హిమాలయన్ 450 లాంటివి. మీది గాలితో చల్లబడే స్ప్లెండర్, యూనికార్న్ తరహా బండి అయితే అందులో అసలు కూలెంటే లేదు. అలాంటి బండిలో ఆయిల్ తెల్లబడితే ఆ తడి లోపల పేరుకున్న ఆవిరిలోంచో, వానలోంచో, సర్వీసింగ్ పైపులోంచో వచ్చినట్టే. మీకు మూతల సంగతి, ఆవిరి చెమ్మ సంగతి వరకు చాలు.

పని చల్లటి ఇంజిన్ మీదే మొదలుపెట్టండి. రాత్రంతా ఆగిన బండి అయితే మరీ మంచిది. వేడి మీద రేడియేటర్ మూత తిప్పితే లోపల ఒత్తిడిలో ఉన్న కూలెంట్ ఒక్కసారిగా ఆవిరై మొహం మీదికి చిమ్ముతుంది. మే నెల మధ్యాహ్నం బెంజిసర్కిల్ ట్రాఫిక్‌లోంచి వచ్చి ఆపిన బండి గంట గడిచినా లోపల కాలుతూనే ఉంటుంది, తొందరపడకండి.

ఏ మూత వెనక ఏముంది

ముందు కవర్లు శుభ్రంగా తుడవండి. బురద మీద మూత విప్పితే ఆ ఇసుక నేరుగా లోపలికే పోతుంది. తుడిచాక రెండు వైపులా ఫోన్‌తో ఫోటోలు తీసుకోండి.

బండి మీద కూర్చున్నప్పుడు ఎడమ కాలి వైపు ఉండే గుండ్రటి కవర్‌ని మన మెకానిక్‌లు మాగ్నెట్ కవర్ అంటారు. చాలా బళ్ళలో దాని మీద రెండు మూతలుంటాయి. నడిమధ్యన పెద్దది, దానికి పైగా కాస్త ముందుకో వెనక్కో చిన్నది. పెద్ద మూత తీస్తే క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) చివర ఉన్న మాగ్నెట్ బోల్టు కనబడుతుంది. దానికి సాకెట్ తగిలించి ఇంజిన్‌ని చేత్తో తిప్పొచ్చు. చిన్న మూత తీస్తే ఒక కిటికీ. ఇంజిన్ తిప్పుతుంటే మాగ్నెట్ మీద చెక్కిన గీత, దాని పక్కన ఇంగ్లిష్ 'టీ' అక్షరం ఆ కిటికీలోకి వస్తాయి. గీత కిటికీ అంచున ఉన్న గాటుకి ఎదురుగా వచ్చిందంటే పిస్టన్ పైకి చేరినట్టు. ట్యాపెట్ సెట్టింగ్‌కి, అంటే వాల్వుల సందు సరిచేయడానికి, మెకానిక్ వాడేవి ఈ రెండే.

ఈ రెండు మూతల వెనక కూలెంట్ ఉండదు. ఉండేది ఆయిల్ తడి మాత్రమే. అక్కడ జిడ్డు కారుతుంటే కూలెంట్ లీకని కంగారు పడొద్దు, మూత కింది రబ్బరు రింగు (ఓ-రింగ్) ఎండిపోయింది అంతే. అయితే ఆ ఎండిన రింగు నుంచే వాన నీళ్ళు, వాటర్ సర్వీసింగ్ నీళ్ళు లోపలికీ పోతాయి. ప్రెషర్ పైపు ముక్కు కవర్‌కి దగ్గరగా పెట్టి కొడితే సందున్న ఏ మూతా ఆగదు. ఆయిల్ తెల్లబడటానికి ఇదొక కారణమని చాలామందికి తట్టదు.

కుడి వైపు కవర్ క్లచ్‌ది. దాని మీదో, దాని దగ్గరో ఆయిల్ పోసే మూత, కొన్ని బళ్ళకి ఆయిల్ మట్టం చూసే గాజు కన్ను ఉంటాయి. చాలా బళ్ళలో వాటర్ పంప్ కూడా ఇటువైపే. నత్తగుల్ల ఆకారంలో చిన్న కవర్, దానికి తగిలించిన లావు రబ్బరు గొట్టం చూస్తే పోల్చుకోవచ్చు. కొన్ని మోడళ్ళలో ఇది ఎడమ వైపు ఉంటుంది, అందుకే వైపు కంటే గొట్టాన్ని నమ్మండి. రేడియేటర్ కింది భాగం నుంచి బయల్దేరిన గొట్టం ఎక్కడ ముగిస్తే అదే పంప్.

పంప్ కవర్ బోల్టులు దగ్గరగా చూడండి. అన్నీ ఒకేలా ఉన్నట్టు కనిపిస్తాయి కానీ, అడుగున ఉన్న ఒకదాని తల కింద మాత్రం పలచటి రాగి లేదా అల్యూమినియం వాషర్ తొంగి చూస్తుంటుంది. కూలెంట్ దింపే బోల్టు అదే. మిగతావి కవర్‌ని పట్టి ఉంచేవి. వాషర్ లేని బోల్టు విప్పి "కూలెంట్ రావట్లేదేంటి" అని ఇంకోటి, మరోటి వదులు చేస్తూ పోతే పంప్ గ్యాస్కెట్ కాస్తా కదిలి లేని లీకు పుడుతుంది.

ఇంజిన్ అడుగున ఉండేది ఆయిల్ డ్రెయిన్ బోల్టు, దీనికీ వాషర్ ఉంటుంది. కొన్ని బళ్ళకి దాని పక్కన ఇంకా పెద్ద ఆరు పలకల మూత ఉంటుంది, అది ఆయిల్ జల్లెడది. దాని వెనక స్ప్రింగు ఉంటుంది. ఆఖరి మరలో చేత్తో అదిమి పట్టుకోకపోతే స్ప్రింగు, జల్లెడ కలిసి ఆయిల్ ట్రేలో పడతాయి. ఏ స్ప్రింగు ఎటు తిరిగి ఉందో చూసుకోకుండా బిగిస్తే వేరే తలనొప్పి.

ఇక మూతలు విప్పే పద్ధతి. మాగ్నెట్ కవర్ మూతలకి వెడల్పు గాడి ఉంటుంది, లేదంటే ఎలెన్ కీ గుంట ఉంటుంది. గాడికి సరిగ్గా కూర్చునే పనిముట్టే వాడండి. సన్న స్క్రూడ్రైవర్ పెట్టి సుత్తితో కొడితే గాడి చెదిరిపోతుంది, ఇంకాస్త గట్టిగా కొడితే కవరే పగులుతుంది. పగిలిన అల్యూమినియం కవర్‌కి ఆటోనగర్‌లో ఆర్గాన్ వెల్డింగ్ పెడతారు గానీ, దాని ముఖం మళ్ళీ సమంగా రావడం మాత్రం వెల్డర్ చేతి చలవ. మూత మొరాయిస్తే చుట్టూ తుప్పు వదిలించే స్ప్రే కొట్టి పావుగంట ఆగి, పనిముట్టు గుంటలో నిటారుగా పెట్టి వెనక నుంచి ఒకటి రెండుసార్లు మెల్లగా తట్టి తిప్పండి.

ఎడమ మూతలు తీసేటప్పుడు బండి సైడ్ స్టాండ్ మీద ఉంటే ఆయిల్ అటే వాలి ఉంటుంది కాబట్టి కారిపోతుంది. సెంటర్ స్టాండ్, లేకపోతే వెనక చక్రాన్ని ఎత్తి బండిని నిటారుగా నిలిపే పాడక్ స్టాండ్ వేయండి. మూతలు తీసి ఉండగా స్టార్ట్ బటన్ జోలికి వెళ్ళొద్దు, ఆయిల్ గోడల దాకా చిమ్ముతుంది.

తిరిగి పెట్టేటప్పుడు కొత్త ఓ-రింగుకి కొంచెం ఇంజిన్ ఆయిల్ రాసి, మరలకి పలచగా గ్రీజు పూసి, ముందు చేత్తో తిప్పండి. చేత్తో రెండు మూడు చుట్లు సాఫీగా పోయాకే పనిముట్టు పట్టుకోవాలి. మణికట్టు బలం చాలు. అల్యూమినియం మరలు స్లిప్ అయితే ఆ తర్వాత లేత్ షాపే గతి. ఓ-రింగు కొనేటప్పుడు పాతది జేబులో వేసుకెళ్ళి లావు, చుట్టుకొలత రెండూ కలిపి చూడండి. చుట్టుకొలత సరిపోయి లావు తక్కువైన రింగు బిగిసినట్టే ఉంటుంది, నీళ్ళని మాత్రం ఆపదు.

ఆ తెలుపు కూలెంటేనా?

మూత లోపలి వైపు మాత్రమే నురగ ఉండి, కింద ఆయిల్ మామూలు రంగులో ఉంటే అది చాలాసార్లు ఆవిరి చెమ్మ. ఇంటి నుంచి గవర్నర్‌పేట దాకా, మళ్ళీ ఇంటికి, రోజూ పది నిమిషాల ప్రయాణం. ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, లోపలి తడి ఆవిరై బయటికి పోదు. వానాకాలంలో, డిసెంబర్ చలిలో ఇది మామూలే. ఒకరోజు గుంటూరు దాకా వెళ్ళొచ్చి, మూత తుడిచి పెట్టి, వారం తర్వాత చూడండి. మళ్ళీ రాకపోతే వదిలేయండి.

గాజు కన్నులోంచి చూసినప్పుడు, లేదా డిప్‌స్టిక్ మీద, ఆయిల్ మొత్తం లేత గోధుమ రంగులో చిక్కగా ఉంటే అది వేరే విషయం. అప్పుడు కూలెంట్ మట్టం చూడండి. ఇక్కడ ఎక్కువమంది పక్కన ఉండే రిజర్వ్ డబ్బా మాత్రమే చూసి సరిపెడతారు. చల్లటి ఇంజిన్ మీద రేడియేటర్ మూతే తీసి చూడాలి. మెడ దాకా నిండుగా ఉండాలి. రేడియేటర్ మూతలో వాల్వు పాడైతే డబ్బాలో కూలెంట్ అలాగే ఉండి రేడియేటర్ మాత్రం ఖాళీ అవుతూ ఉంటుంది, ఎందుకంటే చల్లబడేటప్పుడు డబ్బాలోంచి వెనక్కి పీల్చుకోవాల్సింది ఆ వాల్వు ద్వారానే.

రేడియేటర్ నిండుగా, డబ్బా గీత దగ్గర సరిగ్గా ఉండి, ఆయిల్ మాత్రం తెల్లగా ఉందా? బయటి నీళ్ళని అనుమానించండి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం వైపు వీధులకి వీధులు మునిగినప్పుడు వేల బళ్ళు రోజుల తరబడి నీళ్ళలోనే ఉండిపోయాయి. అలా మునిగి, పైపైన కడిగి, ఆయిల్ ఒకసారి మార్చి చేతులు మారిన బండిలో తెలుపు మళ్ళీ తేలడం వింత కాదు. సెకండ్ హ్యాండ్ బండి కొంటుంటే ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూలల్లో, సీటు కింద వైర్ల గుత్తిలో ఒండ్రు చార చూడండి. కొత్త ఫిల్టర్ వేస్తారు గానీ ఆ మూలలు ఎవరూ కడగరు.

కూలెంటే అని తేల్చుకోవడానికి ఇంట్లో చేసే మంచి పరీక్ష ఒకటుంది. రాత్రంతా బండి కదపకుండా ఉంచండి. కూలెంట్ ఆయిల్ కంటే బరువు, అడుక్కి దిగుతుంది. తెల్లారి స్టార్ట్ చేయకుండానే పారదర్శకమైన సీసా పట్టి డ్రెయిన్ బోల్టు మెల్లగా, ఒక్కో మర వదులు చేయండి. ముందుగా కారే నాలుగు చుక్కలే మీకు కావాలి. ఆకుపచ్చ, నీలం, ఎరుపు, మీ బండిలో పోసిన రంగు నీళ్ళు ఆయిల్ కంటే ముందు జారితే ఇక సందేహం లేదు. రంగు లేని నీళ్ళు వస్తే వాన నీళ్ళో సర్వీసింగ్ నీళ్ళో అయ్యుండొచ్చు, లేదా ఎవరో రేడియేటర్‌లో కూలెంట్ బదులు ఉత్త నీళ్ళు పోసి ఉండొచ్చు. అది రేడియేటర్ మూత తీస్తే తెలుస్తుంది. ఆయిల్‌తో పూర్తిగా చిలికినట్టు కలిసిపోతే విడిపోదు కాబట్టి ఏమీ రాలేదంటే లేదని కాదు.

వేడి గరిటె మీద ఆయిల్ చుక్క వేసి చిటపటలు వినే పరీక్ష కూడా చేస్తుంటారు. నీరు ఉందో లేదో చెబుతుంది, ఎక్కడి నీరో చెప్పదు. అందుకని దానికి పెద్ద విలువ ఇవ్వక్కర్లేదు. రుచి చూసే పని మాత్రం ఎప్పుడూ వద్దు. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, అదే విషం. కింద ఒలికితే వెంటనే కడిగేయండి, కుక్కలు ఆ తీపికే నాకుతాయి.

కూలెంట్ అని తేలాక బండి నడపొద్దు. బైకులో క్లచ్ ప్లేట్లు, గేర్లు, క్రాంక్ బేరింగు అన్నీ ఆ ఒక్క ఆయిల్ మీదే బతుకుతాయి. క్లచ్ జారడం ముందు కనిపిస్తుంది, బేరింగు చప్పుడు తర్వాత వినిపిస్తుంది. ఆ చప్పుడు వచ్చేదాకా ఆగితే ఇంజిన్ దింపక తప్పదు.

పంప్ కింద చిన్న చిల్లు

నన్నడిగితే అసలు గుట్టు ఇక్కడే ఉంది. వాటర్ పంప్ ఇరుసు ఒక చివర ఆయిల్‌లో, రెండో చివర కూలెంట్‌లో తిరుగుతుంది. మధ్యలో రెండు సీళ్ళు. కూలెంట్ వైపు మెకానికల్ సీల్, ఆయిల్ వైపు రబ్బరు ఆయిల్ సీల్. ఆ రెండింటి నడుమ కొద్దిపాటి ఖాళీ, ఆ ఖాళీ నుంచి బయటికి అగ్గిపుల్ల పట్టేంత చిల్లు. కంపెనీ కావాలనే పెట్టిన చిల్లు అది. ఏ సీల్ అరిగినా ఆ చుక్క రెండో వైపుకి పోకుండా అక్కడి నుంచి నేల మీద పడాలని.

టార్చి వేసి పంప్ అడుగున వెతకండి. కూలెంట్ మరక ఉంటే మెకానికల్ సీల్ అరిగింది. నల్లటి జిడ్డు ఉంటే ఆయిల్ సీల్. ఎండిపోయి తెల్లటి, ఆకుపచ్చటి పొడి పేరుకుని ఉన్నా కూలెంట్ కారిందనే గుర్తు. ఎప్పుడో ఒక చుక్క ఆరిన మరకకి భయపడక్కర్లేదు, రోజూ తడి కనబడితే సీళ్ళ సెట్ మార్చాల్సిందే. రెండూ కలిపే మార్చండి. ఒక్కటే వేసి రెండోదాని కోసం మళ్ళీ కవర్ విప్పడం శుద్ధ దండగ.

ఈ చిల్లుని ఎమ్‌సీల్‌తో మూసేసిన బళ్ళు తగులుతుంటాయి. "కారుతోందన్నా" అంటే "ఆగిపోయిందిగా" అని చూపిస్తారు. బయటికి కారడం ఆగుతుంది, నిజమే. వెళ్ళే దారి లేక కూలెంట్ ఆ ఖాళీలో నిండి, ఆయిల్ సీల్ పెదవి దాటి లోపలికి దిగుతుంది. పొలం దారుల బురద గట్టిపడి మూసుకున్నా ఇదే ఫలితం. చిల్లు మూసి ఉంటే సన్నటి రాగి తీగతో మెల్లగా తెరవండి, లోతుగా పొడవొద్దు, అక్కడే ఇరుసు ఉంది. తెరవగానే కూలెంట్ బొటబొటా కారితే మీ లీకు దొరికినట్టే. హెడ్ జోలికి వెళ్ళాల్సిన పని లేదు.

సీల్ ఎందుకు త్వరగా పోతుంది? రేడియేటర్‌లో బోరు నీళ్ళు పోయడం వల్ల. ఆ ఉప్పు, సున్నం గట్టిపడి సీల్ ముఖాన్ని గీస్తాయి. కూలెంట్ దొరకని చోట అత్యవసరానికి డిస్టిల్డ్ వాటర్ పోయండి, ఏ బ్యాటరీ షాపులోనైనా ఉంటుంది.

ఈమధ్య క్లచ్ కవర్ విప్పారా?

కొన్ని బళ్ళలో పంప్ నుంచి సిలిండర్‌కి వెళ్ళే కూలెంట్ దారి క్లచ్ కవర్ అతుకు గుండానే పోతుంది. ఆ అతుకులో ఒక పక్క ఆయిల్, అంగుళం దూరంలో కూలెంట్, మధ్య కాగితం గ్యాస్కెట్టో ఓ-రింగో ఉంటుంది. క్లచ్ ప్లేట్లు మార్చిన కొద్ది రోజులకే ఆయిల్ తెల్లబడితే ముందు ఇక్కడే చూడాలి. మేస్త్రీని సూటిగా అడగండి: "అన్నా, మొన్న కవర్ విప్పినప్పుడు గ్యాస్కెట్ కొత్తది వేశారా, పాతదానికే సిలికాన్ పూశారా? లోపలి చిన్న ఓ-రింగు మార్చారా?" షీట్ మీద పెట్టి చేత్తో కత్తిరించిన గ్యాస్కెట్ ఆయిల్ వరకు పనికొస్తుందేమో, కూలెంట్ దారి ఉన్నచోట కంపెనీదే వేయించండి. మందం తేడా వచ్చినా అతుకు కూర్చోదు.

ఇవన్నీ కాదని తేలితే

అప్పుడు ఒత్తిడి పరీక్ష చేయించండి. రేడియేటర్ మెడకి చేతిపంపు తగిలించి, మూత మీద రాసి ఉన్న ఒత్తిడి వరకు గాలి కొట్టి ఆగుతారు. చాలా బళ్ళకి అది 1.1 బార్. అంతకు మించి కొట్టనివ్వొద్దు. పావుగంటలో ముల్లు పడిపోయి, బయట ఎక్కడా చుక్క లేకపోతే కూలెంట్ లోపలే ఎక్కడో దిగుతోంది. ఇంకాసేపు ఉంచి ఆయిల్ డ్రెయిన్ వదులు చేస్తే రంగు నీళ్ళు కనిపించొచ్చు.

హెడ్ గ్యాస్కెట్ సంగతి తేల్చడానికి మాగ్నెట్ కవర్ మూతలు రెండూ మళ్ళీ పనికొస్తాయి. స్పార్క్ ప్లగ్ తీసి, పెద్ద మూత లోంచి సాకెట్‌తో ఇంజిన్‌ని అది తిరిగే దిశలోనే తిప్పండి, వెనక్కి తిప్పొద్దు. చిన్న కిటికీలో 'టీ' గీత గాటు దగ్గరికి వచ్చాక ఆపండి. ఆ గీత రెండు చుట్లలో రెండుసార్లు వస్తుంది, కంప్రెషన్ మీద (పిస్టన్ గాలిని నొక్కే చుట్టులో) ఉన్నది ఏదో తెలియాలంటే ప్లగ్ చిల్లు మీద వేలు పెట్టి తిప్పండి. గాలి వేలిని తోసిన చుట్టులో వచ్చిన గీతే సరైనది. తర్వాత సాకెట్ తీసేసి, గేరులో వేసి, వెనక బ్రేక్ పట్టి ప్లగ్ చిల్లు గుండా కంప్రెసర్ గాలి తక్కువ ఒత్తిడితో మొదలుపెట్టి ఎక్కించాలి. రేడియేటర్ మెడలో బుడగలు లేస్తే గ్యాస్కెట్ గానీ, హెడ్ పగులు గానీ. సైలెన్సర్‌లో బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిల్ మూత దగ్గర గట్టిగా వినిపిస్తే పిస్టన్ రింగులు.

ఒక చిక్కు గుర్తుంచుకోండి. ఈ పరీక్ష సిలిండర్‌కీ కూలెంట్‌కీ మధ్య దారి ఉందో లేదో చెబుతుంది. కూలెంట్‌కీ ఆయిల్‌కీ మధ్య గ్యాస్కెట్ తెగితే, పంప్ సీళ్ళు పోతే బుడగలు రావు. కాబట్టి బుడగలు లేవని హెడ్‌ని నిర్దోషిగా తేల్చెయ్యకండి. పంప్, క్లచ్ కవర్ రెండూ కారణం కాదని తేలాక కూడా ఒత్తిడి పడిపోతుంటే అప్పుడు హెడ్ విప్పించండి. విప్పాక గ్యాస్కెట్ మార్చి ఊరుకోకుండా హెడ్ ముఖం సమంగా ఉందో లేదో స్కేలు పెట్టి చూపించమనండి.

కారు ఉన్నవాళ్ళకి రెండు మాటలు. బ్లాకు పక్కన గిన్నెల్లా బిగించి ఉండే రేకు మూతల్ని మనవాళ్ళు డమ్మీలంటారు. అవి తుప్పు పట్టి కారితే ఎక్కువగా బయటికే కారతాయి. డీజిల్ కారులో ఆయిల్ కూలర్ అనుమానించండి. నడుస్తున్నప్పుడు ఆయిల్ ఒత్తిడి ఎక్కువ కాబట్టి ఆయిలే కూలెంట్‌లోకి పోయి డబ్బాలో జిడ్డు తేలుతుంది. ఇంజిన్ ఆపాక ఆయిల్ ఒత్తిడి సున్నా, కూలెంట్ ఒత్తిడి ఇంకా ఉంటుంది, అప్పుడు కూలెంట్ ఆయిల్‌లోకి దిగుతుంది.

లీకు ఆపాక

ఆయిల్, ఫిల్టర్ మార్చి, చవక ఆయిల్ పోసి కొద్ది నిమిషాలు నిలబెట్టి నడిపి దింపేయండి. తెలుపు ఇంకా కనిపిస్తే మళ్ళీ. శుభ్రంగా దిగాకే మంచి ఆయిల్, ఇంకో కొత్త ఫిల్టర్. కిరోసిన్ పోసి ఇంజిన్ తిప్పి కడగడం కొందరికి అలవాటు, బేరింగుల మీద ఉన్న కాస్త ఆయిల్ పొరని కూడా అది తుడిచేస్తుంది, వద్దనండి. దింపిన ఆయిల్‌ని ఏలూరు కాలువలోనో, బందరు కాలువలోనో పారబోయకుండా, వాడిన ఆయిల్ డ్రమ్ములో పట్టే షాపులో ఇచ్చేయండి.

డబ్బా మీద కూలెంట్ ఎక్కడుందో మార్కర్‌తో గీత పెట్టుకోండి. రోజూ పొద్దున, బండి చల్లగా ఉన్నప్పుడే చూడండి. మొదటి ఒకటి రెండు రోజులు గాలి బుడగలు సర్దుకుని కొంచెం దిగితే నింపండి. ఆ తర్వాత కూడా గీత కిందికి జారుతుంటే ముందుగా టార్చి పట్టుకుని పంప్ చిల్లు చూడండి.